రిసీవర్ లైట్ వెలుగుతోంది, మ్యాప్‌లో చుక్క కదలడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్తే అండీ. ముందు మీ సమస్య నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. యూఎస్‌బీ జీపీఎస్ రిసీవర్ తీసుకున్నారు, లాప్‌టాప్‌కి పెట్టారు, దాని లైట్ మిణుకుమిణుకుమంటోంది. క్యూజీఐఎస్ అనే మ్యాప్ ప్రోగ్రామ్‌లో కనెక్ట్ నొక్కితే కాసేపు వెతికి ఊరుకుంటోంది. గూగుల్ ఎర్త్ ప్రో అయితే పరికరమే దొరకలేదంటోంది. ఒకసారి చుక్క కనిపించింది గానీ, బండి మలుపు తిరిగిన చాలాసేపటికి అది తిరిగింది. ఇదంతా సర్దుకున్నాక బండి ఎక్కడుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి కూడా కనిపించాలి.

ఇవి మూడు వేర్వేరు విషయాలు. కనెక్ట్ కాకపోవడం దాదాపు ఎప్పుడూ పోర్ట్ గొడవే. ఆలస్యం డేటా వేగానికి సంబంధించింది. ఆఫీసువాళ్లకి చూపించడానికి జీపీఎస్‌తో పెద్ద సంబంధం లేదు, అది నెట్‌వర్క్ పని. మూడింటినీ కలిపి ఒకేసారి సరిచేయబోతే ఏది దేనివల్ల బాగుపడిందో తెలియదు.

సాఫ్ట్‌వేర్ మార్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను. మ్యాప్ సాఫ్ట్‌వేర్‌ని అన్నిటికంటే చివర్లో తెరవాలి. రిసీవర్ పంపే అక్షరాలు టెర్మినల్‌లో (పోర్ట్‌లో వచ్చేదాన్ని ఉన్నదున్నట్టు చూపించే ప్రోగ్రామ్‌లో) మీ కళ్లతో మీరు చూసేదాకా క్యూజీఐఎస్‌నీ ఓపెన్‌సీపీఎన్‌నీ పక్కన పెట్టండి. ఎందుకంటే తప్పు ఎక్కడున్నా ఇవి చెప్పే మాట ఒకటే: కనెక్ట్ కాలేదు. డ్రైవర్ లేకపోయినా అదే మాట, బాడ్ రేట్ (పోర్ట్‌లో డేటా వేగం) తప్పయినా అదే మాట, పోర్ట్‌ని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చున్నా అదే మాట. టెర్మినల్‌లో అయితే ఒక్కో తప్పు ఒక్కోలా కనిపిస్తుంది.

ముందు పోర్ట్

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్న చోట చూడండి. రిసీవర్ పీకితే మాయమై, మళ్లీ పెడితే ప్రత్యక్షమయ్యే వరుస ఏదో అదే మీది. పక్కన కామ్ 5, కామ్ 12 అంటూ నంబరుంటుంది, రాసి పెట్టుకోండి. చాలా రిసీవర్లలో సీరియల్ నంబరు ఉండదు కాబట్టి, కేబుల్‌ని ఇంకో యూఎస్‌బీ సందులో పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకుని ఇంకో నంబరు ఇచ్చేస్తుంది. నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. రోజూ ఒకే సందులో పెట్టడం అలవాటు చేసుకోండి.

పోర్ట్స్ కింద ఏమీ రాకపోతే, లేదా పసుపు త్రికోణం కనిపిస్తే, సీరియల్ డేటాని యూఎస్‌బీకి మార్చే చిప్ లోపల ఏదుందో తెలుసుకోవాలి. సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీడీఐ చిప్‌లకి వాటి డ్రైవర్ వేస్తే సరిపోతుంది. పీఎల్2303 దగ్గరే జాగ్రత్త. ఆ చిప్ చేసే కంపెనీ కొత్త డ్రైవర్లు పాత చిప్‌లనీ నకిలీ చిప్‌లనీ ఒప్పుకోవు. కోడ్ 10 అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. అప్పుడు పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లాలి. అదే రిసీవర్ లినక్స్‌లో మాత్రం ఏ పేచీ లేకుండా నడుస్తుంది.

యూ-బ్లాక్స్ కంపెనీ జీపీఎస్ చిప్ నేరుగా యూఎస్‌బీకి కలిసి ఉన్న రిసీవర్లది ఇంకో తీరు. విండోస్ అప్‌డేట్ ఒక్కోసారి దీనికి లొకేషన్ సెన్సార్ డ్రైవర్ వేసేస్తుంది. అలా జరిగితే రిసీవర్ సెన్సార్స్ అన్న విభాగంలో కూర్చుంటుంది, కామ్ పోర్ట్ అసలు పుట్టదు. మ్యాప్ సాఫ్ట్‌వేర్లకి కావాల్సింది కామ్ పోర్ట్. అందుకని దాని మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్‌లోకి వెళ్లి, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి నేనే ఎంచుకుంటాను అనే దారిలో యూఎస్‌బీ సీరియల్ డివైస్ ఎంచుకోండి. వెంటనే నంబరుతో సహా పోర్ట్ వచ్చేస్తుంది. మీ వివరాల్లో లైట్ వెలుగుతోంది, గూగుల్ ఎర్త్‌కి పరికరమే దొరకట్లేదు అన్నారు కాబట్టి నా మొదటి అనుమానం దీని మీదే.

చేతిలో పట్టుకునే పాత గార్మిన్ పరికరాలైతే యూఎస్‌బీలో కామ్ పోర్ట్ ఇవ్వవు, వాటికి సొంత ప్రోటోకాల్ ఉంది. జీపీఎస్‌బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని లైవ్‌గా చదివి మామూలు రూపంలోకి మార్చి ఇస్తుంది. గూగుల్ ఎర్త్ ప్రోకి ఆ ప్రోటోకాల్ నేరుగానే తెలుసు.

రిసీవర్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేయగానే మౌస్ పాయింటర్ తనంతట తాను స్క్రీనంతా గెంతుతూ, కనిపించిందల్లా నొక్కేస్తుంటే వైరస్ అనుకుని టెన్షన్ పడకండి. పోర్ట్‌లో ఆగకుండా వస్తున్న అక్షరాలని చూసి విండోస్ దాన్ని పాతకాలపు సీరియల్ మౌస్ అనుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో మైస్ విభాగంలో మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని ఒకటి చేరి ఉంటుంది. దాన్ని డిసేబుల్ చేయాలి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ పుట్టుకొస్తుంది. పాయింటర్ చేతికి దొరకనంతగా గెంతుతుంటే రిసీవర్ని కాసేపు పీకి, డివైస్ మేనేజర్ తెరిచి ఉంచుకుని, మళ్లీ పెట్టి కీబోర్డుతో పని కానివ్వండి.

లినక్స్‌లో యూ-బ్లాక్స్ రిసీవర్ టీటీవైఏసీఎం0 పేరుతోనూ, పైన చెప్పిన మార్పిడి చిప్‌లున్నవి టీటీవైయూఎస్‌బీ0 పేరుతోనూ వస్తాయి. అనుమతి లేదంటే మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి. మోడెమ్ మేనేజర్ అనే సర్వీసు కొత్తగా కనిపించిన ప్రతి పోర్ట్‌నీ మోడెమేమోనని కాసేపు పరీక్షిస్తుంది. పెట్టగానే మొదటి అరనిమిషం పోర్ట్ బిజీ అని వస్తుంటే దాని పనే అయి ఉండొచ్చు.

అక్షరాలు చూడండి

ఇప్పుడు పుట్టీ అనే ఉచిత టెర్మినల్ ప్రోగ్రామ్ తెరవండి. సీరియల్ ఎంచుకుని, మీ కామ్ నంబరు, వేగం 4800 ఇవ్వండి. ఎన్‌ఎంఈఏ 0183 అనే ప్రమాణం పెట్టిన మామూలు వేగం అది. ఈమధ్య రిసీవర్లు 9600లోనో 38400లోనో వస్తున్నాయి. యూఎస్‌బీకి నేరుగా కలిసే యూ-బ్లాక్స్‌లో ఏ వేగం ఇచ్చినా ఒకటే, అక్కడ బాడ్ రేట్‌కి అర్థం లేదు.

స్క్రీన్ మీద నాలుగింట్లో ఒకటి జరుగుతుంది. ఏమీ రాకపోతే పోర్ట్ తప్పు, లేదా వైర్ తప్పు. పిచ్చి గుర్తులు, చతురస్రాలు, విరిగిన అక్షరాలు కలగాపులగంగా వస్తుంటే బాడ్ రేట్ తప్పు. 9600, 38400, 115200 ఒక్కోటీ మార్చి చూడండి. వరుసలు చక్కగా వస్తూ వాటిలో కామాల మధ్య ఖాళీలే ఎక్కువుంటే కనెక్షన్ బాగానే ఉంది, ఉపగ్రహాలే ఇంకా దొరకలేదు. వరుసలు అంకెలతో నిండుగా వస్తుంటే ఇక మ్యాప్ తెరవొచ్చు.

ఒక వరుస ఎలా ఉంటుందో చూద్దాం. స్క్రీన్ మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

$జీపీఆర్‌ఎంసీ,063015.00,ఏ,2030.0000,ఎన్,05015.0000,ఈ,21.6,084.4,150625,,,ఏ

దీని చివర నక్షత్రం గుర్తు, దాని పక్కన రెండక్షరాల చెక్‌సమ్ (వరుస తప్పుల్లేకుండా వచ్చిందో లేదో సరిచూసే గుర్తు) ఉంటాయి. మొదట్లో ఉన్న ఆర్‌ఎంసీ ఈ వరుస రకం పేరు, దాని ముందున్న జీపీ అంటే జీపీఎస్ ఉపగ్రహాలతో వచ్చిందని. రష్యా ఉపగ్రహాలు గ్లోనాస్ అయితే జీఎల్, యూరప్‌వి గెలీలియో అయితే జీఏ, అన్నీ కలిపి లెక్కగడితే జీఎన్ అని వస్తుంది. చాలా పాత ప్రోగ్రామ్‌లు జీపీతో మొదలయ్యేవే చదువుతాయి, జీఎన్ అని చూస్తే పట్టించుకోవు. వరుసలు నిండుగా వస్తున్నా మ్యాప్‌లో ఏమీ లేదంటే ఇదొక కారణం. ఆ తర్వాతి 063015 సమయం, 6 గంటల 30 నిమిషాల 15 సెకన్లు. ఇది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం), మీ గోడ గడియారం కాదు.

తర్వాతి ఒక్క అక్షరం ముఖ్యం. ఏ ఉంటే ఫిక్స్ (ఉపగ్రహాలతో స్థానం దొరకడం) ఉంది, వీ ఉంటే లేదు. నేనైతే వేరే ఏదీ చూడకముందు దీన్నే చూస్తాను. రిసీవర్ లైట్‌ని నమ్ముకోకండి. కొన్నిటిలో అది కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది, కొన్నిటిలో ఫిక్స్ దొరికాకే సెకనుకోసారి మిణుకుతుంది. లైట్ భాష ఒక్కో తయారీదారుది ఒక్కోటి, ఈ అక్షరం మాత్రం అందరికీ ఒకటే.

తర్వాత అక్షాంశం 2030.0000. ఇది ఇరవై డిగ్రీల ముప్పై నిమిషాలు. చాలామంది సొంత స్క్రిప్టు రాసుకునేటప్పుడు దీన్ని వందతో భాగించి 20.30 డిగ్రీలనుకుంటారు. నిజానికి నిమిషాలని 60తో భాగించి కలపాలి, అంటే 20.5 డిగ్రీలు. తేడా 0.2 డిగ్రీ. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి మీ చుక్క 22 కిలోమీటర్ల పక్కకి పోతుంది. ఈ తప్పుకి ఇంకో గుర్తుంది. బండి ఒక డిగ్రీ దాటి ఇంకో డిగ్రీలోకి వెళ్లేచోట, నిమిషాలు 59.99 నుంచి సున్నాకి మారగానే, చుక్క ఒక్కసారిగా నలభై కిలోమీటర్లకు పైగా గెంతుతుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లలో ఈ తప్పు ఉండదు. సొంతంగా రాసుకునేవాళ్లు పైథాన్‌లో పైఎన్‌ఎంఈఏ2 లాంటి లైబ్రరీ వాడుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

21.6 వేగం. కిలోమీటర్లలో కాదు, నాట్లలో. 1.852తో గుణిస్తే గంటకి 40 కిలోమీటర్లు. 084.4 బండి వెళ్తున్న దిశ. 150625 తేదీ, 2025 జూన్ 15. ఈ తేదీ ఇరవై ఏళ్లకి కాస్త తక్కువగా వెనక్కి చూపిస్తుంటే రిసీవర్ పాతదని అర్థం. జీపీఎస్ వారాల లెక్క ప్రతి 1024 వారాలకీ మళ్లీ సున్నా అవుతుంది, చివరిసారి 2019 ఏప్రిల్‌లో అయింది. ఆ సంగతి తెలియని ఫర్మ్‌వేర్ తేదీని 1024 వారాలు వెనక్కి చదువుతుంది. స్థానం సరిగ్గానే ఉంటుంది, ట్రాక్ ఫైళ్ల తేదీలే గందరగోళమవుతాయి.

వీ దగ్గరే ఆగిపోతే బయటికి వెళ్లి, ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా పెట్టి కొన్ని నిమిషాలు ఆగండి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలని 30 సెకన్లకోసారి చెబుతూ ఉంటుంది. మధ్యలో సిగ్నల్ తెగితే ఆ విడత వృథా, మళ్లీ మొదటినుంచి వినాలి. అందుకే నడుస్తున్న బండిలో చెట్ల కింద మొదటి ఫిక్స్ దొరకడం అంత కష్టం. చాలాకాలం వాడకుండా ఉన్న రిసీవర్‌కి అన్ని ఉపగ్రహాల స్థూలమైన జాబితా పూర్తిగా అందాలంటే 12.5 నిమిషాలు పడుతుంది. జీఎస్‌వీ అని వచ్చే వరుసల్లో ఒక్కో ఉపగ్రహం సిగ్నల్ బలం ఉంటుంది. 35 దాటినవి నాలుగైదు ఉంటే నిశ్చింత. అన్నీ 25 లోపే ఉంటే యాంటెన్నా ఉన్న చోటు మార్చండి. బండి అద్దంలో లోహపు పూత ఉన్నా, వేడిచేసే సన్నతీగలున్నా సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. రిసీవర్ని లాప్‌టాప్‌కి ఆనించి పెట్టకుండా ఒక మీటరు పొడిగింపు కేబుల్‌తో దూరం పెడితే చాలాసార్లు అంకెలు వెంటనే పెరుగుతాయి.

ఇప్పుడు మ్యాప్

పుట్టీని మూసేయండి. విండోస్‌లో ఒక పోర్ట్‌ని ఒకసారి ఒకే ప్రోగ్రామ్ తెరవగలదు. టెర్మినల్‌లో డేటా చూసి సంతోషపడి, దాన్ని అలాగే వదిలేసి క్యూజీఐఎస్‌లో కనెక్ట్ నొక్కేవాళ్లు బోలెడంత మంది.

క్యూజీఐఎస్‌లో వ్యూ మెనూ, ప్యానెల్స్, జీపీఎస్ ఇన్ఫర్మేషన్. సెట్టింగుల్లో ఆటోడిటెక్ట్ వదిలేసి సీరియల్ డివైస్‌గా మీ పోర్ట్‌నే ఎంచుకోండి. ఆటోడిటెక్ట్ ఉన్న పోర్ట్‌లన్నిటినీ ఒక్కో బాడ్ రేట్‌తో పరీక్షిస్తుంది. లాప్‌టాప్‌లో బ్లూటూత్ పోర్ట్‌లు నాలుగైదుంటే వాటి దగ్గరే చాలా సమయం పోతుంది. కనెక్ట్ అయ్యాక రంగు గుర్తు చూడండి. ఎరుపంటే ఫిక్స్ లేదు, పసుపంటే ఎత్తు లేకుండా రెండు కొలతలే ఉన్నాయి, ఆకుపచ్చంటే అంతా బాగుంది. మ్యాప్ మధ్యకి రావడం అనే ఎంపికలో ఎప్పుడూ కాకుండా, చుక్క అంచుకి చేరినప్పుడు మాత్రమే అని పెట్టండి. లేకపోతే సెకనుకోసారి మ్యాప్ మొత్తం మళ్లీ గీసుకుంటూ లాప్‌టాప్ ఉడికిపోతుంది. ఎన్‌ఎంఈఏ వాక్యాలని (అంటే పైన చూసిన వరుసలనే) ఫైల్‌లో దాచే ఎంపికని మాత్రం తప్పకుండా ఆన్ చేయండి. లేయర్ పాడైనా, ట్రాక్ సేవ్ చేయడం మరిచిపోయినా ఆ ముడి ఫైల్ ఉంటే మొత్తం తిరిగి గీసుకోవచ్చు.

గూగుల్ ఎర్త్ ప్రోలో టూల్స్, జీపీఎస్, రియల్‌టైమ్. అక్కడ పోర్ట్ ఎంచుకునే వీలు లేదు, అది తనే వెతుక్కుంటుంది. అందుకే వాడని బ్లూటూత్ పోర్ట్‌లని డివైస్ మేనేజర్‌లో ఆపేస్తే దాని పని తేలికవుతుంది. ఎన్నిసెకన్లకోసారి చదవాలో చెప్పే పోలింగ్ ఇంటర్వెల్ కూడా అక్కడే ఉంది, అది ఎక్కువుంటే చుక్క ఆగి ఆగి కదులుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ రోజంతా ట్రాకింగ్‌కి నేనైతే దాన్ని వాడను. నెట్ పోతే కొత్త ప్రాంతం బొమ్మే రాదు. క్యూజీఐఎస్‌లో ముందురోజే ఎంబీటైల్స్ ఫైలు (మ్యాప్ బొమ్మలన్నీ ఒకే చోట దాచేది) చేసుకుని పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఓపెన్‌సీపీఎన్ పడవల కోసం చేసింది. అయినా కనెక్షన్ పరీక్షించడానికి నాకు ఇష్టమైనది అదే, ఎందుకంటే వస్తున్న వాక్యాలని అలాగే చూపించే విండో దాంట్లో ఉంది.

రెండు ప్రోగ్రామ్‌లకి ఒకేసారి డేటా కావాలంటే విండోస్‌లో కామ్0కామ్ లాంటి వర్చువల్ పోర్ట్‌ల ప్రోగ్రామ్, దానితో హబ్4కామ్ కలిపి ఒక పోర్ట్‌ని రెండుగా చీల్చాలి. లినక్స్‌లో జీపీఎస్‌డీ ఈ పనికోసమే పుట్టింది. అది పోర్ట్‌ని తను పట్టుకుని 2947 నంబరు నెట్‌వర్క్ పోర్ట్ మీద ఎంతమందికైనా పంచుతుంది. క్యూజీఐఎస్‌లోనూ ఓపెన్‌సీపీఎన్‌లోనూ జీపీఎస్‌డీ ఎంపిక ఉంది. రిసీవర్ ఒక కంప్యూటర్‌కి, మ్యాప్ ఇంకో కంప్యూటర్‌లో ఉన్నా ఇదే దారి.

బ్లూటూత్ రిసీవర్ అయితే జతచేయగానే విండోస్ ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ అని రెండు పోర్ట్‌లు చూపించవచ్చు. మీకు కావాల్సింది అవుట్‌గోయింగ్.

ఆలస్యం ఎక్కడ పుడుతోంది

ఊహించకుండా కొలవండి. కంప్యూటర్ గడియారాన్ని నెట్‌తో సరిచేసి పెట్టుకుని, టెర్మినల్‌లో వచ్చే ఆర్‌ఎంసీ వరుసలో సెకన్లని దానితో పోల్చండి. గంటలూ నిమిషాలూ ప్రాంతాన్ని బట్టి మారతాయి గానీ సెకన్లు ఎక్కడైనా ఒకటే. తేడా సెకనులోపు ఉండి మ్యాప్‌లో మాత్రం వెనకబడితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. టెర్మినల్‌లోనే ఐదారు సెకన్లు వెనక ఉంటే రిసీవర్‌దో పోర్ట్‌దో.

పోర్ట్ లెక్క ఇలా ఉంటుంది. 4800 వేగంలో ఒక్కో అక్షరానికి మొదలు, చివర బిట్లతో కలిపి 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకి 480 అక్షరాలు. పాత రోజుల్లో జీపీఎస్ ఒక్కటే ఉన్నప్పుడు ఇది సరిపోయేది. ఇప్పటి రిసీవర్ మూడు నాలుగు దేశాల ఉపగ్రహాలని ఒకేసారి వింటుంది. ఒక జీఎస్‌వీ వరుసలో నాలుగు ఉపగ్రహాల వివరాలే పడతాయి. 24 కనిపిస్తుంటే ఆరు జీఎస్‌వీ వరుసలు, వాటికి తోడు జీజీఏ, ఆర్‌ఎంసీ, జీఎస్‌ఏ, జీఎల్‌ఎల్, వీటీజీ అనే మిగతా రకాల వరుసలు ఒక్కోటి. ఒక్కో వరుస 82 అక్షరాల దాకా ఉండొచ్చు. సగటున అరవై వేసుకున్నా సెకనుకి ఆరువందలు దాటుతాయి. 480 పట్టే గొట్టంలోంచి అవి వెళ్లవు. కొన్ని రిసీవర్లు వరుసలని వదిలేస్తాయి, కొన్ని వెనకబడతాయి.

అందుకని వేగాన్ని 38400కి పెంచండి, లేదా మీకు అక్కర్లేని వరుసలు ఆపేయండి. మ్యాప్‌లో చుక్కకి జీజీఏ, ఆర్‌ఎంసీ రెండూ చాలు. యూ-బ్లాక్స్‌కి యూ-సెంటర్ అనే వాళ్ల సొంత ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ మార్పులు చేయొచ్చు. చేశాక సేవ్ కాన్ఫిగరేషన్ ఇవ్వాలి, లేకపోతే కరెంటు తీయగానే పాత స్థితికి వచ్చేస్తుంది. శాశ్వతంగా దాచుకునే మెమరీ లేని చవక మాడ్యూళ్లలో సేవ్ ఇచ్చినా కొన్నాళ్లకి పోతుంది. వాటికి మీ స్క్రిప్టే ప్రతిసారీ మొదట్లో సెట్టింగులు పంపాలి.

యూ-సెంటర్‌లో ఉండగానే డైనమిక్ మోడల్ (రిసీవర్ ఎలాంటి కదలికని ఊహించాలో చెప్పే సెట్టింగు) కూడా చూడండి. బండికి ఆటోమోటివ్ ఉండాలి. ఎవరో స్టేషనరీలో పెట్టి ఉంటే, రిసీవర్ తను కదలట్లేదని నమ్మి చుక్కని పట్టి ఉంచుతుంది. మీరు చెప్పిన మలుపు దగ్గరి ఆలస్యానికి ఇది కూడా కారణం కావచ్చు.

సొంత స్క్రిప్టు అయితే ఒక వరుస చదివి ఒక సెకను నిద్రపోయే లూప్ ఉందేమో వెతకండి. రిసీవర్ సెకనుకి ఎనిమిది వరుసలు పంపుతుంటే మీరు ఒక్కటే తింటున్నారు. నిమిషం తిరిగేసరికి మీరు చదువుతున్నది మొదటి ఎనిమిది సెకన్లలో వచ్చిన సరుకు. బఫర్ నిండేదాకా వెనకబాటు పెరుగుతూనే ఉంటుంది, నిండాక వరుసలు మధ్యలో తెగి చెక్‌సమ్ తప్పులొస్తాయి. చదవడం ఆపకూడదు. వచ్చిందల్లా చదివేసి, అందులో తాజాది మాత్రం సెకనుకోసారి వాడుకోవాలి.

పావుగంటకోసారి డేటా ఆగిపోతుంటే అది వేరే సంగతి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, కరెంటు ఆదాకి ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి.

చుక్క తప్పు చోట ఉంటే

బండి ఆగి ఉన్నప్పుడు చుక్క నాలుగైదు మీటర్ల పరిధిలో అటూ ఇటూ తిరగడం సహజం. ఎత్తైన భవనాల మధ్య అది ఇంకా ఎక్కువ. ఆగి ఉన్నప్పుడు దిశ అంకెని అసలు పట్టించుకోవద్దు, అది ఎటుబడితే అటు తిరుగుతుంది. గంటకి నాలుగైదు కిలోమీటర్ల లోపు వేగంలో వచ్చిన పాయింట్లని ట్రాక్‌లో కలపకుండా వదిలేస్తే గీత శుభ్రంగా ఉంటుంది, దూరం లెక్క కూడా ఊరికే పెరగదు.

చుక్క ఎప్పుడూ ఒకే వైపుకి వంద మీటర్లో, ఇంకా ఎక్కువో జరిగి ఉంటే రిసీవర్‌ని తిట్టకండి. రిసీవర్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు డబ్ల్యూజీఎస్84 అనే డేటమ్ (భూమి మీద స్థానాలు లెక్కగట్టే ఆధారం) ప్రకారం ఉంటాయి. మీ కింద ఉన్న పాత స్కాన్ మ్యాప్ ఇంకో డేటమ్ మీద గీసినదై ఉంటుంది. లేయర్‌కి సరైన సీఆర్‌ఎస్ (ఆ మ్యాప్ వాడే స్థానాల లెక్క పద్ధతి) ఇస్తే కుదురుకుంటుంది. చుక్క ఆఫ్రికా పశ్చిమ తీరం పక్కన సముద్రంలో తేలుతుంటే అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా. ఫిక్స్ లేనప్పటి ఖాళీలని ఎవరో సున్నాలుగా చదివారు. వీ ఉన్న వరుసలని వదిలేయమని స్క్రిప్టులో ఒక షరతు పెట్టండి.

ఆఫీసులో చూడాలంటే

లాప్‌టాప్ స్క్రీన్‌ని రిమోట్‌గా పంచుకోవడం పనిచేస్తుంది గానీ మొబైల్ డేటా మీద అది బరువు. స్థానం మాత్రమే పంపండి. ఒక్కో పాయింట్ 200 బైట్లు అనుకుంటే, పది సెకన్లకొకటి చొప్పున రోజంతా కలిపినా రెండు ఎంబీ దాటదు.

దీనికి ట్రాకార్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్ బాగుంటుంది. మామూలుగా వెబ్ పేజీ 8082 పోర్ట్‌లో వస్తుంది. మీ స్క్రిప్టు నుంచి స్థానం పంపడానికి ఓస్మాండ్ ప్రోటోకాల్ తేలిక, అది 5055లో వింటుంది. ఒక మామూలు వెబ్ అడ్రస్‌కి పరికరం గుర్తు, అక్షాంశం, రేఖాంశం, సమయం తగిలించి పంపితే చాలు. వేగం కూడా పంపేట్టయితే ఇక్కడా నాట్లలోనే పంపాలి, కిలోమీటర్లకి మార్చి పంపితే ఆఫీసు స్క్రీన్ మీద మీ బండి విమానమైపోతుంది. సమయం మాత్రం రిసీవర్ ఇచ్చినదే పంపండి. సిగ్నల్ లేని చోట పాయింట్లని లాప్‌టాప్‌లో ఒక ఫైల్‌లో దాచి, నెట్ రాగానే వరసగా పంపాలి. అప్పుడు అసలు సమయం లేకపోతే గంటసేపటి ప్రయాణమంతా ఒకే నిమిషంలో జరిగినట్టు నమోదవుతుంది. 5055 నేరుగా ఇంటర్నెట్‌కి తెరిస్తే డేటా బహిరంగంగా వెళ్తుంది కాబట్టి ముందు హెచ్‌టీటీపీఎస్ పెట్టుకోండి. బండి నడిపేవాళ్లకి ట్రాకింగ్ ఉందని చెప్పి పెట్టండి, తర్వాత తెలిస్తే గొడవలవుతాయి.

ఆఫీసువాళ్లు కూడా క్యూజీఐఎస్‌లోనే చూస్తామంటే పాయింట్లని పోస్ట్‌జీఐఎస్ (మ్యాప్ డేటా దాచే డేటాబేస్) టేబుల్‌లో వేయండి. వాళ్లవైపు ఆ లేయర్ ప్రాపర్టీస్‌లో, రెండరింగ్ దగ్గర పది సెకన్లకోసారి రిఫ్రెష్ అని పెడితే సరిపోతుంది. వాళ్ల దగ్గరున్న మిగతా లేయర్లతో కలిపి చూడొచ్చు కాబట్టి సర్వే బృందాలకి నేను ఇదే చెబుతాను.

ముందు డివైస్ మేనేజర్‌లో రిసీవర్ పోర్ట్స్ కింద ఉందో, సెన్సార్స్ కింద ఉందో చూసి చెప్పండి. పోర్ట్ వస్తే పుట్టీలో కనిపించిన ఒక పాతిక వరుసలు ఇక్కడ పెట్టండి, రిసీవర్ మోడల్ కూడా రాయండి. ఇంటి దగ్గర తీసినవైతే అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాతి అంకెలు చెరిపేసి పెట్టండి. మిగతా వరుస చాలు, తప్పు ఎక్కడుందో దాన్నిబట్టి చెప్పొచ్చు.